తువ్వాలు కింద మాట

నోరులేని జీవాలను జీవితమంతా కొన్నాను, అమ్మాను. నోరు పడిపోయిన మనిషిని బేరం పెట్టడం మాత్రం మా బావ మంచం దగ్గరే చూశాను.

సంతలో ఎద్దును కొనేవాడు ముందు దాని నోరు తెరుస్తాడు. పళ్లు చూస్తాడు, తోక ఎత్తుతాడు, గిట్టలు తట్టి చూస్తాడు. అదేమంత మర్యాదైన పని కాదు. అయినా అందులో ఒక నిజాయితీ ఉంది. "నన్ను అమ్మండి, నాకిష్టమే" అని ఎద్దు చేత ఎవరూ అనిపించరు. మా బావ చేత అనిపించారు. ఆయన గొంతుతోనే, ఆయన యాసతోనే, మాటకు ముందు ఆయన గొంతు సవరించుకునే చప్పుడుతో సహా.

మా బావ గడ్డిపాటి మాలకొండయ్య. మా అక్క ఆదెమ్మ భర్త. ఒంగోలు చుట్టుపక్కల ఎడ్ల సంతల్లో ఇద్దరం కలిసి వ్యాపారం చేశాం. పెట్టుబడి ఆయనది, తిరుగుడు నాది, లాభం చెరిసగం. ట్రాక్టర్లు వచ్చి దుక్కిటెడ్లు పోయాయి. మనిషి లేకుండా దున్నే యంత్రాలు వచ్చి ట్రాక్టరు డ్రైవర్లూ పోయారు. పందెపు ఎడ్లు మిగిలాయి, వాటితోపాటు మేమూ మిగిలాం. అందుకు కారణం బావ మాట. ఆయన ఒక ధర చెబితే అదే ధర. ఎదుటివాడు మొహం మాడ్చుకున్నా, లేచి పోతున్నట్టు నటించినా, పోయి మళ్లీ వచ్చినా దిగడు. నేను దిగుతాను. దిగడం కూడా వ్యాపారంలో ఒక విద్యే. బావకు ఆ విద్య రాలేదు.

మా సంతల్లో ధర నోటితో చెప్పం. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుకుంటాం. దాని కింద వేళ్లతో మాట్లాడుకుంటాం. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని లక్షలు. అరచేతిలో బొటనవేలితో గీస్తే ఇంకో సగం. పిడికిలి బిగించి వెనక్కు లాగితే కుదరదని. ఎదుటివాడి నాలుగు వేళ్లూ ఒక దగ్గరకు చేర్చి, పైన బొటనవేలితో రెండుసార్లు నొక్కితే బేరం ముగిసిందని. పైకి మాత్రం వానల గురించో, గడ్డి ధర గురించో మాట్లాడుకుంటుంటాం. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు. ఈ విద్య నాకు నేర్పింది బావే.

మొదటిసారి వచ్చిన పక్షవాతం చిన్నది. మూతి కొంచెం వంకర పోయి, మందులకు సర్దుకుంది. బావ మాత్రం దాన్ని బయానా అనుకున్నాడు. సరుకు కోసం మళ్లీ వస్తారని అర్థం.

"రాఘవులూ, నా చావు బేరం నేనుండగానే కుదుర్చుకోవాలిరా. తర్వాత మాట్లాడటానికి నేనుండను గదా" అన్నాడు ఒక పొద్దున, కొష్టంలో ఎడ్లకు కుడితి కలుపుతూ.

"పొద్దున్నే ఏంది బావా ఈ మాటలు?"

"పొద్దున్నే అయితే ఏంది, చావు సాయంత్రమే వస్తానని చెప్పిందా? ఇను. జబ్బు చేసిన ఎద్దుకు గొట్టంతో మందు పోస్తాం గదా. నువ్వు తల పట్టుకుంటావు, నేను నాలుక పక్కకు లాగి గొట్టం దించుతాను. ఆ టైములో అది నావైపు చూసే చూపు నువ్వు చూడలేదు. నువ్వు కొమ్ముల దగ్గరుంటావు. నేను చూశాను. నాకు మింగుడు పడకపోతే గొట్టం పెట్టొద్దు. ఇంటికి తీసుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టండి."

"సరే, ఇంకా?"

"ఈ కొష్టం నేల మీ అక్క పేరన ఉండాలి. అమ్మేది లేదు. ముసలి ఎడ్లు ఇక్కడే పోవాలి. నన్ను మామూలు కట్టెలతో తగలెయ్యండి. అంతే."

గొట్టం వద్దు, నేల అమ్మొద్దు, మామూలు కట్టెలు. నలభై ఏళ్లు వ్యాపారం చేసిన మనిషి తన ముగింపుకు పెట్టుకున్న షరతులు అవి. కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. బావ కొడుకు శేషగిరి నవ్వాడు. వాడు పెట్రోలు బంకు పెట్టి మూసి, ఆ తర్వాత పొలాలు కొని ఇళ్ల స్థలాలు వేసే వ్యాపారంలో దిగినవాడు.

"కాగితాలు ఎవరు చూస్తన్నారు మామా ఇప్పుడు? మంగళగిరి దగ్గర తుదిపలుకు అని కంపెనీ ఉంది. నోరు పడిపోయినా నాన్న మాట నాన్నే చెప్పుకోవచ్చు. కోర్టులో కూడా చెల్లుద్ది. ఎప్పుడో రాసిన కాగితం కన్నా ఆ యంత్రం చివర చెప్పిన మాటకే విలువ."

అలా మంగళగిరి వెళ్లాం. ప్రయోగశాల చల్లగా, శుభ్రంగా ఉంది. దాన్ని నడిపే డాక్టర్ హైమవతి చిన్న వయసు మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. బావ తలకు సన్నటి పట్టీ ఒకటి చుట్టి, రోజుల తరబడి ఆయన చేత మాట్లాడించింది. ఎడ్ల పేర్లు, అప్పులెగ్గొట్టినవాళ్ల పేర్లు, తిట్లు, అన్నీ. ఆ మాటకూ మెదడులో ఆ సమయానికి లేచే అలకూ యంత్రం లంకె వేసుకుంటుందని చెప్పింది. చివరి రోజున పరీక్ష పెట్టింది.

"నోరు మెదపకుండా, ఇప్పుడు ఏం తాగాలనుందో మనసులో అనుకోండి బాబాయిగారూ."

బావ కళ్లు మూసుకున్నాడు. బల్ల మీది పెట్టెలోంచి బావ గొంతు వచ్చింది. "కాఫీ తాగుతా."

అచ్చంగా ఆయనే. కానీ బావ ఒప్పుకోలేదు, కదలకుండా కూర్చున్నాడు. హైమవతి మళ్లీ అడిగింది. "ఏం తాగుతారు?"

"టీ తాగుతా" అంది పెట్టె.

బావ తలూపాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ముందు కాఫీ అందేం?" అనడిగాను.

"లోపల్నుంచి వచ్చే సంకేతం కొన్నిసార్లు సన్నగా ఉంటుందండీ. అక్కడ యంత్రం ఊహించి పూరిస్తుంది. విన్నవాళ్లు ఒప్పుకుని ముందుకు పోతే ఆ జవాబు సరైనదని నేర్చుకుంటుంది. మళ్లీ అడిగితే తప్పని తెలుసుకుంటుంది."

"అంటే మొహం చూసి ధర మారుస్తది."

ఆమె నవ్వింది. బయటికి వచ్చాక కారెక్కుతూ బావ నా చెవిలో అన్నాడు. "నేను అనుకుంది మజ్జిగరా."

"మరి టీ అంటే తలూపావేం?"

"చదువుకున్న పిల్ల, అంత కష్టపడతంది. పదిమందిలో నవ్వులపాలు చేయడం ఎందుకులే అని ఊరుకున్నా. ఇంకా నేర్చుకుంటదిలే."

జీవితంలో ధర దిగని మనిషి ఆ ఒక్క చోట దిగాడు. అదీ మొహమాటానికి.

రెండోసారి పక్షవాతం కొష్టంలోనే వచ్చింది. ఎద్దు పక్కన ఎద్దులాగే కూలబడ్డాడు. ఒంగోల్లో ఆసుపత్రిలో చేర్చాం. మాట లేదు, రెప్పలు ఎత్తలేడు, మింగలేడు. కుడిచేతి వేళ్లలో మాత్రం కాస్త కదలిక కనిపించింది. అది నరాల అదురు, దానికి అర్థం లేదు అన్నాడు డాక్టరు. యంత్రం ఉంది కదా, ఇక వేళ్లను ఎవరు చూస్తారు?

పట్టీ చుట్టారు. పెట్టెను దిండు పక్కన పెట్టారు. "ముక్కులోంచి గొట్టం వేయాలి, ఆయన్నే అడగండి" అన్నాడు డాక్టరు.

శేషగిరి వంగి అడిగాడు. "నాన్నా, గొట్టం పెట్టమంటావా?"

"వద్దురా. ఇంటికి తీసుకుపొండి."

ఆ జవాబు బావదే. ఈ రోజుకీ నాకు అనుమానం లేదు. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. శేషగిరి మాత్రం తట్టుకోలేకపోయాడు. "సరిగ్గా ఇను నాన్నా. గొట్టం పెడితే బతుకుతావు. పెట్టమంటావా?"

"వద్దు."

"నన్నొదిలేసి పోతావా నాన్నా? చెప్పు, పోతావా?" వాడు చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ అడిగాడు. చివరికి పెట్టె గొంతు సవరించుకుని, "సరే, పెట్టించండి" అంది.

శేషగిరి తండ్రి చేతిని కళ్లకద్దుకున్నాడు. ఏడుస్తున్న కొడుకును ఎవరు తప్పుపడతారు? నేనూ పట్టలేదు. కానీ నాకు ఒకటి గుచ్చుకుంది. బావ దిగాడు.

నర్సు వచ్చి ఆయన తల పైకెత్తి గొట్టం దించింది. నేను మంచం తలాపి వైపు నిలబడి ఉన్నాను, సంతలో కొమ్ముల దగ్గర నిలబడ్డట్టే. రెప్పలు మూసి ఉన్నాయి కాబట్టి ఆ చూపు ఎవరికీ కనిపించలేదు.

అప్పటినుంచి పెట్టెకు రుచి తెలిసిపోయింది. చూడ్డానికి చుట్టాలు వచ్చేవాళ్లు. పొలంగట్టు దగ్గర బావతో కొట్లాడి పలకరింపులు మానేసిన దాయాది ఒకడు వచ్చి, "మాలకొండన్నా, నామీద కోపం పోయిందా?" అన్నాడు. మొదట "పోలా" అంది. వాడు మొహం వేలాడేసి మళ్లీ అడిగాడు. "పోయిందిలేరా, నువ్వు నా తమ్ముడివి" అంది. వాడు కళ్లు తుడుచుకుంటూ పోయి ఊరంతా చెప్పాడు. మర్నాటి నుంచి వరస కట్టారు. బాబాగారి దగ్గరకు వచ్చినట్టు పళ్లు పట్టుకుని వచ్చి, కావలసిన మాట చెప్పించుకుని పోయేవాళ్లు. గొట్టంలోంచి తెల్లటి జావ పోస్తూనే ఉన్నారు. ఒక పక్క జావ లోపలికి పోతుంటే ఇంకో పక్క మాటలు బయటికి వస్తుండేవి. కాఫీ తాగుదామని కిందికి పోతే ఆ జావ వాసన నా చొక్కాకే పట్టినట్టుండేది.

పెట్టెతో మాట్లాడనిది అక్క ఒక్కతే.

"ఒక్కసారి పలకరించక్కా" అన్నాను.

"నేను పలకరించను. అది నన్ను ఆదెమ్మా అని పిలుస్తంది. మీ బావ ఇన్నేళ్లలో నన్ను పేరు పెట్టి పిలవడం ఇన్నావా నువ్వు? ఇదిగో అంటాడు, లేదంటే దగ్గుతాడు. ఎవడో అడిగుంటాడు, మా పిన్ని పేరేంటి బాబాయ్ అని. అప్పుడు నేర్చుకునుంటది."

అక్క పెట్టెకు వీపు తిప్పి కూర్చుని బావ చెయ్యి పట్టుకునేది. భోజనానికి కూడా లేవనిచ్చేది కాదు ఆ చెయ్యి, అనేది.

తర్వాత నేల బేరం వచ్చింది. కొష్టం పక్కనుంచి కొత్త రోడ్డు పడబోతోంది. శేషగిరి ఎవరితోనో కలిసి దాన్ని ఇళ్ల స్థలాలుగా కొయ్యాలని ఎప్పటినుంచో చూస్తున్నాడు. ఒక ఉదయమంతా వాడు పెట్టె ముందు కూర్చోవడం నేను చూశాను. అరవలేదు, బెదిరించలేదు. అడిగాడంతే. "నేల అమ్మితే నీకేం అభ్యంతరం లేదుగా నాన్నా?" "అమ్మొద్దు." "అప్పుల్లో ఉన్నా నాన్నా, అమ్మనా?" "అమ్మొద్దు." టిఫిను తిని వచ్చి మళ్లీ అడిగాడు. ఫోను మాట్లాడి వచ్చి మళ్లీ అడిగాడు. ఎండ కిటికీలోకి వచ్చేసరికి పెట్టె, "అమ్ముకో నాయనా, నీ ఇష్టం" అంది. వాడు ఇక అడగలేదు. అదే సరైన జవాబని పెట్టె నేర్చుకుంది.

"రిజిస్ట్రారు సోమవారం వీడియోలోకి వచ్చి నాన్న మాట రికార్డు చేసుకుంటాడు. అప్పటిదాకా గొట్టం ఉండాల్సిందే" అని డాక్టరుతో అంటుంటే విన్నాను. "ఆ తర్వాత?" అన్నాడు డాక్టరు. "ఆ తర్వాత నాన్న ఎట్టా అంటే అట్టా."

అంత్యక్రియల సంగతైతే ఇంకా అసహ్యం. కంపెనీవాళ్లు వేలితో నొక్కే పలక ఒకటి ఇచ్చారు. దాని మీద హోటల్ మెనూలాగా అన్నీ ఉన్నాయి. శేషగిరి నొక్కుతుంటే ఆ పలకే ఒక ఆడగొంతుతో బావను అడిగేది. "మామూలు కట్టెలా, గంధపు చెక్కలా?"

"మామూలు కట్టెలు" అంది బావ గొంతు.

"మీ జీవితానికి తగిన గౌరవం గురించి మరొక్కసారి ఆలోచించండి. మామూలు కట్టెలా, గంధపు చెక్కలా?"

మళ్లీ అడిగారంటే తప్పు చెప్పానన్నమాట. పెట్టెకు తెలిసిన నీతి అదొక్కటే. "గంధపు చెక్కలు" అంది. పూల బండికీ సరేనంది, సన్నాయికీ సరేనంది, దినం భోజనాల్లో మూడు రకాల స్వీట్లకూ సరేనంది. ఎద్దు మెడలో గంట పాతది చాలు, కొత్తదెందుకు అనే మనిషి. నేను వరండాలోకి వెళ్లి ఉమ్మేసి వచ్చాను.

మర్నాడు మంగళగిరి వెళ్లాను. హైమవతి నన్ను గుర్తుపట్టింది. నేను చూసిందంతా చెప్పాను. ఆశ్చర్యపోతుందేమో అనుకున్నాను. ఆమె ఓపిగ్గా విని తలూపింది.

"తెలుసండీ. మేం దాన్ని సర్దుబాటు అంటాం. ఒక్కసారే అడగాలని ఒప్పందంలో రాశాం. ఎవరూ ఒక్కసారితో ఆగరు."

"మరి మీ పలకే రెండోసారి అడుగుతంది గదమ్మా."

"అది అమ్మకాల విభాగం పెట్టిందండీ" అంది, అదేదో పక్క ఊరి సంగతైనట్టు.

"తెలిసీ ఎట్టా నడుపుతున్నారు?"

"ఒకటి చెప్పనా? మాకు ఫిర్యాదులు రావు. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి వరండాల్లో కొట్టుకునే అన్నదమ్ములు ఇప్పుడు మనశ్శాంతిగా ఇంటికి పోతున్నారు. అందరికీ కావలసిన మాట దొరుకుతోంది."

"మంచం మీదున్నాయనకి?"

ఆమె బల్ల మీది కాగితాలు సర్దింది. "మొదటి రెండు రోజులూ చాలావరకు ఆయన మాటే ఉంటుంది. తర్వాత ఎంత మిగులుతుందో మాకూ తెలియదు."

"సరుకెంతుందో తెలియని బస్తాకి సీలేసి అమ్ముతున్నారన్నమాట. అట్టాంటోణ్ణి మా సంతలో అయితే మళ్లీ అడుగుపెట్టనివ్వరు తల్లీ."

ఆమెకు కోపం రాలేదు. లేస్తుంటే, నా వయసువాళ్లకు తగ్గింపు ధర ఉందని చెప్పింది.

ఆసుపత్రికి వచ్చేసరికి మధ్యాహ్నం. అక్కను భోజనానికి పంపి, పట్టీ తీగను పెట్టె నుంచి ఊడదీశాను. భుజం మీది తువ్వాలు తీసి బావ చేతి మీదా నా చేతి మీదా కప్పాను. చలికి కప్పానేమో అనుకుని నర్సు తన పని తాను చేసుకుపోయింది.

"బావా, కంభం జోడు ఎంత?"

అదొక పాత తగాదా. కంభం నుంచి తెచ్చిన ఎడ్ల జోడుకు బావ మూడున్నర లక్షలు చెప్పాడు. మూడుకు బేరం వస్తే, నేను కాళ్లా వేళ్లా పడ్డా ఇవ్వలేదు. ఆ ఎడ్లు అమ్ముడుపోక మా కొష్టంలోనే ముసలివయ్యాయి. ఆ తప్పు ఆయనదేనని నేను ప్రతి పండక్కీ ఎత్తిపొడిచేవాణ్ణి.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తువ్వాలు కింద, చీమ నడిచినంత మెల్లగా, ఆయన వేళ్లు నా వేళ్లను వెతుక్కున్నాయి. ఒకటి పట్టుకున్నాడు. రెండు. మూడు. ఆగాడు. అదురు అనుకోబోయాను. అప్పుడు బొటనవేలు వచ్చి నా అరచేతిలో గీసింది.

మూడున్నర.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అయినా వ్యాపారం వ్యాపారమే. మొహం మాడ్చి ఆయన మూడు వేళ్లు మాత్రమే పట్టుకున్నాను. మూడుకు ఇచ్చెయ్. పిడికిలి పూర్తిగా మడవలేకపోయాడు. మడిచినంత మడిచి వెనక్కు లాగాడు. మళ్లీ మూడు అన్నాను. మళ్లీ లాగాడు. దిండు పక్కన ఉన్నది దళారి. యజమాని ఇక్కడున్నాడు.

"కొష్టం నేల అమ్మనా?"

పిడికిలి.

"గొట్టం ఉంచమంటావా?"

పిడికిలి.

"ఇంటికి పోదామా?"

నా నాలుగు వేళ్లనూ ఒకటొకటిగా దగ్గరకు చేర్చుకున్నాడు. పైన బొటనవేలు పెట్టాడు. ఒకసారి నొక్కాడు. ఊపిరి తీసుకున్నాడు. రెండోసారి నొక్కాడు.

"తొందరెందుకు బావా, అక్క ఏడుస్తది. ఇంకొన్నాళ్లు ఉండు" అన్నాను. ఆ మాట పరీక్షకే అన్నానో, నిజంగానే అన్నానో నాకే తెలియదు. ఆయన దిగలేదు. మళ్లీ రెండు నొక్కులు.

తీగను మళ్లీ పెట్టెకు తగిలించి, పోయి డాక్టరుకు చెప్పాను. జాలిగా చూశాడు. అలా అనిపించడం సహజమన్నాడు. పోనీ అలాగే అనుకున్నా, చట్టానికి పెట్టె మాటే మాట, తువ్వాలు కాదన్నాడు. శేషగిరికి చెబితే, "నీకు నేల మీద కన్నుందా మామా?" అన్నాడు.

ఇక మిగిలిన దారి ఒకటే. ఆ పెట్టెతో నేనే బేరానికి కూర్చోవాలి. కంపెనీ ఒప్పందంలో, ఏ వేళలోనైనా వచ్చి ప్రశ్నలడిగే హక్కున్నవాళ్లలో నా పేరూ ఉంది. సోమవారం పొద్దున రిజిస్ట్రారు కన్నా ముందే, శేషగిరి కన్నా ముందే పోయి కూర్చున్నాను.

"బావా, నేల అమ్మమంటావా?"

"అమ్ముకోమన్నాగా."

"అమ్మమంటావా?"

"శేషగిరి ఇష్టం."

"అమ్మమంటావా?"

అంత నీచమైన బేరం నేనెప్పుడూ చెయ్యలేదు. ఎదుట ఉన్నది మా బావ గొంతు. అలసిపోయినట్టు నటిస్తుంది, దగ్గుతుంది, "నన్నెందుకురా సతాయిస్తావు" అంటుంది. ఇంకొకడైతే కరిగిపోయేవాడు. నేను కరగలేదు. నేల, గొట్టం, ఇల్లు, కట్టెలు, ఒక్కోదానికీ కాదన్నప్పుడల్లా మొదటికొచ్చాను. తువ్వాలు కింద విన్న మాట పెట్టె నోట్లోంచి వచ్చేదాకా అడిగాను, వచ్చాక మారకుండా ఉండేదాకా వదల్లేదు. చివరికి దిగింది. ఎంతో ప్రేమగా దిగింది. "నువ్వు చెప్పిందే నా మాట రాఘవులూ" అని కూడా అంది.

రిజిస్ట్రారు తెరమీదికి వచ్చాడు. శేషగిరి ధీమాగా అడిగాడు. "నాన్నా, కొష్టం నేల అమ్మడానికి ఒప్పుకున్నావుగా?"

"లేదు. నేల మీ అమ్మకి. గొట్టం తీసెయ్యండి. ఇంటికి పోదాం. మామూలు కట్టెలు."

మళ్లీ అడగబోయాడు. రికార్డయిపోయింది, ఇక ఆ మాటే ఖాయమన్నాడు రిజిస్ట్రారు. శేషగిరి నన్ను వరండాలోకి లాక్కుపోయాడు.

"ఏం చేశావు మామా? పొద్దుటినుంచీ కూర్చుని నేర్పించావు గదా? నేను అడిగినన్నిసార్లు నువ్వూ అడిగావు. మరి నీకూ నాకూ తేడా ఏంది?"

వేళ్లు అన్నాను. "ఆ, వేళ్లు!" అని వాడు నవ్వాడు. నిజాన్ని చెల్లుబాటు చేయడానికి దొంగ ముద్ర వేసుకోవాల్సి వచ్చింది. నా చేతిని ఎన్నిసార్లు కడుక్కున్నానో.

గొట్టం తీశారు. బావను కొష్టంలో, ముసలి ఎడ్ల పక్కన నులకమంచం మీద పడుకోబెట్టాం. అక్క గుడ్డను మజ్జిగలో ముంచి పెదాలు తడుపుతూ కూర్చుంది. నేను చెప్పకుండానే మజ్జిగ తెచ్చింది. ఎడ్లకు కుడితి పెట్టే వేళకు పోయాడు. శేషగిరే కొరివి పెట్టాడు, బావురుమని ఏడ్చాడు. ఆ ఏడుపులో కల్తీ లేదు. తండ్రినీ ప్రేమించాడు, నేలనూ ప్రేమించాడు, రెండింటికీ ఒకే పెట్టెను వాడుకున్నాడు.

చితి ఇంకా ఆరలేదు. కాటి దగ్గర అందరి జేబుల్లో ఫోన్లూ ఒక్కసారి మోగాయి. బావ గొంతు. "నా ఆఖరి ప్రయాణానికి వచ్చినందుకు మీకందరికీ కృతజ్ఞతలు. మీ ప్రయాణానికీ ఇప్పుడే ఏర్పాట్లు చేసుకోండి." గొంతు సవరించుకుని మరీ చెప్పింది. కట్టెలు ఎగదోస్తున్న కాటికాపరి చేతిలోది జారవిడిచి నిలబడిపోయాడు. నేను ఫోను తీసి బూడిదలోకి విసిరేశాను. ఖరీదు ఆలోచించకుండా చేసిన ఖర్చు నా జన్మలో అదొక్కటే.

దినం అయిన తర్వాత ఒక పూట అక్క కొష్టం అరుగు మీద కూర్చుని నన్ను పిలిచింది.

"ఆయన చెయ్యి ఏం చెప్పిందో చెప్పావు గానీ, ఎట్టా చెప్పిందో చూపించలేదురా. చూపించు."

ఆడవాళ్లకు ఈ విద్య ఎవరూ చూపించరు. సంతలోకే రానివ్వరు. తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాను. ఒకటి, రెండు, మూడు పట్టుకున్నాను. అరచేతిలో గీశాను. "ఇది కంభం జోడు." అక్క నవ్వింది. తర్వాత ఆమె నాలుగు వేళ్లూ దగ్గరకు చేర్చి, పైన బొటనవేలు పెట్టి, రెండుసార్లు నొక్కాను.

అక్క నవ్వు ఆగిపోయింది.

"ఇదేంది?"

"ముగిద్దామని."

"ఇదా?"

"ఇదే."

చాలాసేపు తువ్వాలు వైపే చూసింది. "రోజూ చేశాడురా ఇది నాకు. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచీ. చెయ్యి పట్టుకుంటన్నాడనుకున్నా. నన్ను వదల్లేక పట్టుకుంటన్నాడనుకుని నేనూ గట్టిగా పట్టుకున్నా."

ఎద్దు ఒకటి బుసకొట్టి పక్కకు తిరిగి పడుకుంది.

అక్క కళ్లు తుడుచుకుంది. తువ్వాలు తియ్యబోతే తియ్యనివ్వలేదు.

"శేషగిరి పొద్దున వచ్చాడు. ఆ పట్టీ నాక్కూడా కట్టిస్తాడంట. ఒకింట్లో రెండోదానికి సగం ధరేనంట. వద్దంటే మళ్లీ అడిగాడు." ఆమె చెయ్యి నా చేతిలో సర్దుకుంది. "కుదరదు అనడం ఎట్టాగో అది చూపించు."

ఆమె వేళ్లను మడిచి పిడికిలి చేసి చూపించాను. వెనక్కు లాగమన్నాను. లాగింది.

"ఇంకోసారి" అన్నాను.

ఇంకోసారి లాగింది. మొహం మాడ్చి చూశాను, బతిమాలాను, లేచి పోతున్నట్టు నటించాను. ఎన్నిసార్లు అడిగినా అక్క పిడికిలి విప్పలేదు.